బిడ్డా అని పిలిచింది నన్నే

జగిత్యాల,
ఆదివారం

అక్కకు,

నువ్వూ, బావగారూ, చంటిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. వేళకు తింటున్నాను, నిద్రపోతున్నాను. ఈ ఎండలకు మన తెనాలే నయం. ఇక్కడి కూరల్లో కారం నాకే ఎక్కువైందంటే నువ్వు నమ్మవు!

మత్తు డాక్టరు చదువులో చేరినప్పటినుంచీ నడుముకు సూది వేయడం పక్కన నిలబడి చూడటమే నా పని. ఎముకల మధ్య సందు వేలితో ఎలా వెతకాలో మా మేడమ్ తన నడుము మీదే నేర్పించారు. ఆవిడది ఇక్కడికి దగ్గరే, కోరుట్ల. మొన్న మొదటిసారి సూది నా చేతికిచ్చారు.

కాన్పుకొచ్చినావిడది వీర్నపల్లి. నలభైకి దగ్గరపడ్డాక తొలి చూలు, ఆపరేషన్ తప్పదన్నారు. ముడుచుకుని కూర్చోమన్నాను. సూది దిగింది, తేటనీళ్ళలాంటి చుక్క వచ్చింది. మందు ఎక్కించాను. కాళ్ళు మొద్దుబారాయంది. పొంగిపోయాననుకో!

పడుకోబెట్టిన కాసేపటికే ఆవిడ నీరసంగా, "బిడ్డా, పానం మంచిగ లేదు" అంది.

కడుపులో బిడ్డ ప్రాణం గురించి బెంగపడుతోందనుకున్నాను. "బిడ్డకేం కాదమ్మా, ఇప్పుడే తీసేస్తారు" అని పొట్టవైపు చూస్తూ నవ్వాను కూడా. మళ్ళీ అదే మాట అంది. నేనూ మళ్ళీ అదే జవాబు చెప్పాను.

"గక్కడ ఏం సూస్తున్నవ్? బిడ్డా అని నిన్నే పిలుస్తాంది! ఆమెకే మంచిగ లేదు, బీపీ సూడు!" అని మేడమ్ అరిచారు.

ఒంట్లో నలతగా ఉన్నా ఇక్కడ పానం బాగాలేదనే అంటారట. బీపీ అరవైకి పడిపోయింది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. మేడమ్ గబగబా సెలైన్‌లోకి మందు ఎక్కించి, ఆవిణ్ణి ఎడమ పక్కకు ఒరిగించారు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదేమో అక్కా! తెలుగే కదా, నాకు రాదా ఏంటి అనుకుని వచ్చాను. తెలుగే!

తల్లీ పిల్లా క్షేమం. ఆడపిల్ల. మర్నాడు వార్డుకు వెళితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మొఖం గట్ల గుంజుకపోయిందేంది? తిన్నవా?" అని అడిగింది. తల వంచుకుని ఆవిడ చేతికి బీపీ పట్టీ కట్టాను.

ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కందిపొడి పంపించు. నాన్నకూ, బావగారికీ నా నమస్కారాలు. చంటిదాన్ని ముద్దాడానని చెప్పు. రేపు మళ్ళీ సూది నా చేతికే ఇస్తారట. అమ్మను నా కోసం దేవుడికి దండం పెట్టుకోమను. ఎందుకో మాత్రం చెప్పకు.

నీ చెల్లి,
సునీత