పెద్ద కాయిల్ మాట

మావయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. క్యాంప్ వన్‌లో మన గల్లీ కుళాయికి నీళ్లొచ్చాయి.

గల్లీ నీళ్లు కట్టేసిన వాల్వు మీదే రోడ్డేసి, అదెక్కడుందో తెలీదని ఆఫీసువాళ్లు చేతులెత్తేస్తే, చిన్న పుస్తకం చదివి మెటల్ డిటెక్టర్ చేశాను కదా. చిన్న కాయిల్, ఎక్కువ ఫ్రీక్వెన్సీ. ఉక్కు ప్లాంటు స్లాగుతో, అదే ఇనుప చిట్టెంతో, చదును చేసిన నేల కదా, డిటెక్టర్ ప్రతి మేకుకీ కూసేది.

"కాయిల్ పెద్దది సుట్రా, ఫ్రీక్వెన్సీ తగ్గించు. సిన్నవి ఒగ్గేసి లోతుకెల్తాది," అన్నావు.

మోటార్లు చుట్టేవాడివి నీకేం తెలుసని అరిచాను. నువ్వు పోయేదాకా మీ గడప తొక్కలేదు.

మొన్న నీ దుకాణంలో మిగిలిన రాగి తీగతో సైకిల్ చక్రమంత కాయిల్ చుట్టాను. మేకుల మీద కిక్కురుమనలేదు. కిరాణా కొట్టు ముందు మాత్రం నిదానంగా మోగింది. గల్లీ అంతా కలిసి రెండడుగులు తవ్వితే వాల్వు మూత కనపడింది. ఇవాళ వాల్వు తిప్పాం.

తొలి బిందె అత్తే పట్టింది. "మీ మావయ్యుంటే ముందు నిన్ను తిట్టి, అప్పుడు తాగీవోడు," అంది.

పక్క గల్లీవాళ్లు తమ వాల్వు కూడా వెతకమని రేపు రమ్మన్నారు. అక్కడ ఎవరేం చెప్పినా ముందు వింటాను, అరిచేది ఆ తర్వాతే.