కప్పుకూ గోడకూ నడుమ రేకు పట్టీ

గృహ నిర్మాణ అనుమతుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి కప్పు గోడను కలిసేచోట ఫ్లాషింగ్ అనబడు రేకు పట్టీని నియమానుసారం బిగించుటకు, తమవారు ఆపించిన పనిని వానకు ముందే సాగనిచ్చుట గురించి.

1. సదరు పట్టీ పై అంచును గోడలో గాడి కోసి దూర్చవలెననీ, కింది అంచు కప్పు రేకుల మీదికి రావలెననీ తమ కార్యాలయం పంచిన కరపత్రంలోనే ఉన్నది. నాకది కంఠతా వచ్చు. మా ఇల్లు కట్టిన మేస్త్రీ పై అంచును గోడకు మేకులతో కొట్టి తారు పూసెను. కింది అంచును రేకుల కిందికి దోపెను. అనగా వాన నీటికి దగ్గరుండి దారి చూపెను. తమ ఇన్‌స్పెక్టరు గారు వీధిలో నిలబడి, మెడయినా పూర్తిగా ఎత్తక, అంతా సరిగా ఉన్నదని సంతకం చేసిరి.

2. ఇంటికి కరెంటు తీగ వచ్చునది ఆ గోడలోనుండియే. మా నాన్నగారి ఆక్సిజన్ మిషను నడుచునది ఆ కరెంటుతోనే. గోడ తడిసినప్పుడు మిషను నడిపితే షాకు, ఆపితే ఆయనకు ఊపిరాడదు. పోయిన వానకు అమ్మ కరెంటు ఆపేసి ఆయన వీపు నిమురుతూ కూర్చుంది. ఆయన పెదవులు నీలంగా మారడం నేను చూశానండి.

3. కనుక నేనే పాత పట్టీ పీకివేసి గాడి కోయుచుండగా, ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, అనుమతి లేని మరమ్మతు అని పని ఆపించి, తలుపుకు నోటీసు అంటించిరి. అప్పటినుండి కప్పుకూ గోడకూ నడుమ సందు నోరు తెరుచుకొని ఉన్నది. కప్పిన టార్పాలిన్ గాలికి లేచిపోయినది. అనుమతికి ఆయన పైకెక్కి చూడవలెనట. ఎక్కండి మహాప్రభో అంటే:

"సగంలో ఉన్న కప్పు నేనెక్కను బాబూ. పూర్తిచేసి పిలువు."

"పూర్తి చెయ్యొద్దన్నది మీరే కదండీ."

"అందుకేగా పూర్తి కాలేదు. రూల్సు చదివినవాడివి, ఆమాత్రం తెలీదూ?"

4. పౌరుడు బిచ్చగాడు కాడని, అధికారం సేవ కొరకేనని చిన్న పుస్తకాలెన్నో చదివి, గీతలు గీసుకుని, వీధివీధంతా చెప్పినవాణ్ణి. నిన్న అమ్మ ఆ పుస్తకాలన్నీ తెచ్చి నా ముందు పడేసి, వీటినైనా ఆ సందులో కుక్కరా, కాస్త తడి పీలుస్తాయి, అంది. నాన్న ఆయాసపడుతూ ఒక్క మాటే అన్నారు.

"కోపం తగ్గించి రాయరా."

తగ్గించే రాస్తున్నాను. ముందు రాసినవన్నీ చింపేశాను.

5. కావున తాము వచ్చి చూచి అనుమతించినను సరే, చూడకనే అనుమతించినను సరే. చూడకుండా సంతకం చేయుట తమవారికి కొత్త కాదు.

చిత్తగించకున్నను, చదవవలెను.

ఇంతవరకు తమ విధేయుడు,
ఆ రోగి కుమారుడు

తా.క.: చినుకులు మొదలయ్యాయి. నోటీసు చింపేశాను, నిచ్చెన వేశాను. ఈ కాగితం పక్కింటి పిన్ని తెస్తోంది. దీన్ని అర్జీ అనుకోకండి, ఫిర్యాదు అనుకోండి: ఈ ఇంట్లో ఒకడు మీ ఉత్తర్వు ధిక్కరించి, మీ నియమాల ప్రకారం పట్టీ బిగిస్తున్నాడు. ఆపించడానికైతే మీవాళ్ళు పరిగెత్తుకొస్తారు. రానివ్వండి. వాళ్ళొచ్చేసరికి కప్పు పూర్తవుతుంది. ఎక్కి చూడొచ్చు.