మైలవరానికి పోయిన బల్ల

ప్రొద్దుటూరు,
ఆదివారం.

నాయనా ఫరూఖ్,

అస్సలాము అలైకుం. నువ్వు సల్లగా ఉండాలని ఐదు పూటలా అడుక్కుంటాండా. అల్లా దయతో ఈడ మేమందరం బాగుండాము. కోడలు నిఖత్ బాగుండాది, నీ బిడ్డ ఇష్రత్ బాగుండాది. నీ మోకాలి నొప్పి ఎట్లుండాదో రాయి. పోయిన నెల జైలుకు ములాఖాత్‌కు వచ్చినప్పుడు ఇనుప జాలీ అవతల నీ చెంపలు లోపలికి పోయి కనపడినాయి. బాగా తింటాండానని చెప్తివి. నమ్మినట్టు తలకాయ ఊపి వచ్చేస్తి.

నీ జాబు మొన్న గురువారం కాదు, అంతకు ముందు గురువారమే అందింది. జవాబు రాయడానికి ఇన్ని దినాలు పట్టింది. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది. నువ్వు అడిగినవన్నీ ఒకటొకటే రాస్తా.

మొదట నువ్వు నిఖత్ కోసం చేసిన గుండ్రటి బల్ల సంగతి అడిగితివి. వాకిట్లో వేపచెట్టు కింద అట్లే ఉండాది. రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాలు చూసింది కదా, పైన వేసిన నల్ల బండ తెల్లబారిపోయింది. నువ్వు రాసినట్టే చేసినా. సబ్బు నీళ్లతో కడిగి, రెండు దినాలు బాగా ఆరనిచ్చి, పాత లుంగీ గుడ్డతో అవిసె నూనె పూసినా. గంటసేపు అట్లే పెట్టి, మిగిలిన నూనెంతా తుడిచేసినా. మళ్లా నీ చేతిలోనుంచి వచ్చిన నాటి మాదిరి నల్లగా మెరుస్తాంది. ఒక్కచోట మాత్రం ఇష్రత్ కోసిన నిమ్మకాయ బోర్లించి పెట్టి మర్చిపోయింది. ఆడ అరచేతంత తెల్లమచ్చ పడింది. నూనె పూసినా పోలేదు. ఆ మచ్చకు అది పేరు కూడా పెట్టింది. చంద్రమామంట.

రెండోది, గండికోట దారిలో కొత్తగా కట్టిన గెస్ట్‌హౌసు వాళ్ల ఆర్డరు. జమ్మలమడుగు నుంచి వాళ్ల మేనేజరు వచ్చినాడు. బయట పచ్చిక మీద వేసేదానికి ఆరు బల్లలు కావాలనె. ప్లైవుడ్డు మీద రంగు కాగితం అంటించినవి చూపించి, ఇట్లాంటివి చౌకగా వస్తాయి కదా అనె. ఒక్క వానకు రొట్టె మాదిరి ఉబ్బిపోతాయని చెప్పినా. టేకు పలకలే వేయించినాము. నువ్వు చెప్పినట్టే పలకకు పలకకు మధ్య సందు పెట్టించినా, నీళ్లు నిలబడకుండా. ఇనుప కాళ్లకు రెడ్ ఆక్సైడు రెండు పూతలు వేసి, అడుగున రబ్బరు బుష్షులు కొట్టించినా. వానాకాలంలో ప్లాస్టిక్ పట్ట కప్పి బిగదీసి కట్టొద్దు, లోపల చెమట పట్టి చెక్క కుళ్లిపోతుంది, గాలి ఆడేటట్టు కప్పుకోండి అని చెప్పి పంపిస్తి. అమ్మీకి ఇవన్నీ ఎట్లా తెలుసని నువ్వు నవ్వుకుంటావేమో. నీ అంగట్లో రెండేండ్లు కూచుంటే గోడకైనా తెలుస్తాయి.

మూడోది మన అంగట్లో బండలు రుద్దే మౌలాలి సంగతి. వాన్ని అంగట్లోనుంచి తరిమినావా లేదా అని అడిగితివి. బయటికి రావడానికి ఇంక నాలుగు నెలలే, వచ్చినాక వాని సంగతి చూస్తానని రాసినావు. ఆ మాట కింద రెండు గీతలు కొట్టినావు.

దానికి జవాబు చెప్పాలంటే ముందు ఇంకొకాయన వచ్చిన సంగతి చెప్పాల.

నీ జాబు వచ్చిన మరుసటి సోమవారం, పదకొండు గంటలప్పుడు, ఒకాయన అంగడి ముందర నిలబడినాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాల. కోర్టులో చూసినప్పటికంటే సగమైపోయినాడు. మైలవరం ఓబులేసు. నువ్వు ఆటోతో గుద్దిన పుల్లమ్మ మొగుడు.

నేను కుర్చీలోనుంచి లేచి నిలబడినా. ఆయన మాత్రం మామూలుగా లోపలికి వచ్చి బల్లలన్నీ చేత్తో తట్టి చూసినాడు.

"అక్కా, బయట వేసుకునే బల్ల ఒకటి కావాల. డ్యాం చూడ్డానికి వచ్చేవాళ్లకు మా ఇంటి ముందర సంగటి, చేపల పులుసు పెడ్తాండా. మా ఆడామె ఉన్నప్పుడు చాప పరిచి పెట్టేది. ఇప్పుడు కింద కూచోని తినేవాళ్లు తక్కువ."

నువ్వు చేసిపెట్టిపోయిన నల్ల బండ బల్ల ఒకటి మూలన ఉండాది కదా. ఆయన చేయి దాని మీద ఆగింది.

"ఇది శానా బాగుండాది."

"అది నీకు వద్దప్పా," అంటి. "నీ చేపల మీద నిమ్మకాయ పిండుతారు, పులుసు ఒలుకుతుంది. పులుపు తగిలితే ఆ బండ మీద మచ్చ పడుతుంది, మళ్లా పోదు. నీకు గ్రానైటు మంచిది. మధ్యాన్నం ఎండకు కాలిపోతుంది కాబట్టి నీడలో వేసుకో. రాత్రి తుడిచి పెట్టుకుంటే పదేండ్లైనా ఏమీ కాదు."

"నీ అంగట్లో రాయికి నువ్వే వంక పెడ్తాండావే."

"ఉండేది చెప్పినా."

ఆయన నా ముఖంలోకి చూసినాడు. "నువ్వు ఉండేది ఉన్నట్టు చెప్తావక్కా. అది నాకు తెలుసు. ఆ పొద్దు స్టేషన్లో నువ్వు చెప్తాంటే, కాగితాల మీద సంతకానికని నన్ను పిలిపించి గోడపక్క బెంచీ మీద కూచోబెట్టినారు. నువ్వు నన్ను చూడలే. నేను చూసినా."

ఇది చదివి నువ్వు ఆగిపోయుంటావు, నాయనా. ఒకసారి కాగితం పక్కన పెట్టి, మళ్లా చదువు.

నీ మీద పోలీసులకు చెప్పింది మౌలాలి కాదు. నేను.

ప్రమాదమైన పొద్దు మైలవరం దిక్కు బల్ల దించి, పొద్దు గూకే మగ్రిబ్ వేళకు ఇంటికొచ్చి, దారిలో గొడ్డు అడ్డమొచ్చిందని చెప్తివి. మౌలాలితో ఆటో ముందర లైటు అద్దం మార్పిస్తివి. మరుసటి పొద్దున నేను ఆటో కడుగుతాంటే బంపర్ సందులో ఎర్ర చీర పేలిక కనపడింది. నిన్ను అడిగితే నా ఒళ్లో తల పెట్టి ఏడిస్తివి. ఫోను చూస్తా తోలినానని, ఆపడానికి భయమైందని చెప్తివి. ఎవ్వరికీ చెప్పనని నీ తల మీద చేయి పెట్టి ఒట్టు వేసింది నేనే. ఆ మాట నిజంగానే అంటి.

అయితే పేపర్లో వేసినారు. ఆమె గంటసేపు రోడ్డు పక్కన ప్రాణంతో ఉందంట. అటుగా పోయిన మేకలాయన్ను నీళ్లు అడిగిందంట. ఆయన ఆసుపత్రికి తీసకపోయేలోపల ప్రాణం పోయింది. ఆ వార్త నువ్వూ చదివితివి. చదివి, పేపరు మడిచి, బీరువా మీద పెడ్తివి.

రెండు దినాలు నువ్వు అన్నం తినలేదు. మూడో దినం పొద్దున ఇష్రత్‌ను భుజాల మీద ఎక్కించుకొని వాకిట్లో తిప్పుతా నవ్వితివి. మామూలు నవ్వు, ఎప్పటి మాదిరే. నేను వంటింటి గడప కాడ నిలబడి చూస్తాంటి. ఇంకో వారం పోతే నేను కూడా నవ్వుతాను కదా అని భయమాయె. ఆ భయంతోనే బుర్ఖా వేసుకొని, ఆసుపత్రికి పోతాండానని నిఖత్‌కు చెప్పి, మైలవరం బస్సు ఎక్కినాను. నీ మీద కోపంతో కాదు నాయనా. ఇది నువ్వు నమ్మకపోయినా నేను రాయాల.

నా పేరు బయటికి రానీయొద్దని ఎస్సైని చేతులు పట్టుకొని అడుక్కుంటి. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. సాయంత్రం వాళ్లు నిన్ను తీసకపోతాంటే, నీ మీద చెప్పిన వాళ్ల చేతులు పడిపోవాలని వీధంతా వినేటట్టు శాపం పెట్టినాను. నన్ను నేనే తిట్టుకుంటి. నువ్వు జీపు ఎక్కుతా, "లైటు సంగతి మౌలాలికి ఒక్కనికే తెలుసు" అంటివి. ఆ మాట వీధిలో అందరూ విన్నారు. నేనూ విన్నా. నోరు తెరవలేదు.

నేను స్టేషన్‌కు పోయినందుకు అల్లా నన్ను ఏమీ అడగడనుకుంటా. ఆ సాయంత్రం నోరు మూసుకున్నందుకు మాత్రం అడుగుతాడు.

ఓబులేసుకు బల్ల ఊరికే ఇస్తానంటే ఒప్పుకోలేదు. "వద్దక్కా. ఊరికే తీసకపోయి వాకిట్లో వేసుకుంటే పుల్లమ్మకు బదులు బల్ల ఇచ్చినట్టుంటుంది," అన్న్యాడు. దుడ్లు చేతిలో పెట్టి, పోబోతా మళ్లా నిలబడినాడు. "మీ అంగట్లో బండలు రుద్దే ఆయప్పే చెప్పినాడని మీ వీధి టీ అంగట్లో ఇందాక అనుకుంటాన్న్యారు. రెండేండ్లు నేను నోరు తెరవలే. తెరవాల్సింది నేను కాదు కదా." అంతే అని వెళ్లిపోయినాడు.

మరుసటి దినం ఆయన కోసమే గ్రానైటు అంచు రుద్దుతాన్న్యాడు మౌలాలి. మిషను ఆపమని, ఎదురుగా నిలబడి, పోలీసులకు చెప్పింది నేనేనని చెప్పినా. వాడు చేతిలో గుడ్డతో రాయి మీద తడి తుడిచినాడు.

"రెండేండ్లు, ఖాలా," అన్న్యాడు. "మా అబ్బా పోయినప్పుడు జనాజా మోసేదానికి భుజాలు చాలలేదు. మన వీధిలో ఒక్కరూ రాలే. నువ్వొచ్చినావు. వచ్చి నా పక్కన నిలబడి ఏడిస్తివి. అప్పుడైనా చెప్పుంటే."

కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగినాడు. మళ్లా మిషను వేసి, మిగిలిన అంచు పూర్తిగా రుద్ది, నీళ్లు పోసి కడిగి, చేతులు తుడుచుకొని వెళ్లిపోయినాడు. మళ్లా రాలేదు. నేను వాళ్లింటికి రెండుసార్లు పోతి. తలుపు తీసినారు, కూచోమనలేదు. కువైటు పోయేదానికి ఎప్పుడో కాగితాలు పెట్టుకున్నాడంట. ఈ ఊర్లో తలెత్తుకొని తిరగలేకనే పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే నిఖత్‌కు చెప్పినా. ఫరూఖ్, పైన అందరూ బాగుండారని రాసినాను. అది రాసేటప్పుడే చేయి ఆగింది. నిఖత్ ఇంట్లో లేదు. "నా మొగున్ని నా బిడ్డకు దూరం చేసిన చేత్తోనే రోజూ నాకు అన్నం పెట్టినావా," అని ఒక్క మాట అడిగింది. తెల్లారి బస్సుకు ఇష్రత్‌ను తీసుకొని పులివెందులకు, వాళ్ల నాయనింటికి పోయింది. నేను అడ్డం పడలేదు. ఏ ముఖంతో పడేది. పాప మాత్రం జేజీ కూడా వస్తుందని బస్సు మెట్ల కాడ నా వైపు చేయి చాపింది. ఫోను చేస్తే వాళ్ల అన్న ఎత్తి, బాగుండారని చెప్పి పెట్టేస్తాండాడు. కాబట్టి వాళ్లు బాగుండారనేది అబద్ధం కాదు. అంతవరకే నిజం.

శుక్రవారం బాడుగ ఆటోలో నేనే బల్ల మైలవరానికి తీసకపోతి. ఆమె పడిన మలుపు కాడ ఆటోవాన్ని ఆపమందామనుకొని కూడా అనలేకపోతి. ఓబులేసు, పక్కింటాయన కలిసి చింతచెట్టు నీడలో దించినారు. మట్టం సరిగ్గా కూచునేదానికి ఒక కాలు కింద రాయి సర్దినాము. కాళ్లకు ఏడాదికొకసారి రంగు వేసుకోమని చెప్పినా. ఆయన లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చినాడు. గోడ మీద పుల్లమ్మ ఫోటో ఉండాది. నాకంటే చిన్నది. నీళ్లు తాగలే. చెంబు బల్ల మీద పెట్టేసి వచ్చినా.

ఇవన్నీ ములాఖాత్‌లో చెప్పాలని రెండేండ్లలో ఎన్నోసార్లు అనుకుంటి. పక్కన పదిమంది అరుస్తాంటారు, నీ ముఖం చూస్తే మాట పెగలదు. అందుకే రాస్తాండా.

నన్ను క్షమించమని అడగను. నువ్వు చేసింది నువ్వు అనుభవిస్తాండావు. నేను చేసింది నేను అనుభవిస్తా. నువ్వు వాని మీద పెంచుకున్న పగ మాత్రం నాది నాయనా, నా వాకిట్లోకి తీసకరా. నాలుగు నెలలకు బయటికొచ్చినప్పుడు మౌలాలి ఇంటికి చేయెత్తుకొని పోవద్దు.

మీకు ఆడ ఇచ్చే జాబు కాగితాలు తక్కువని రాసినావు కదా. ఈ నెల నీ జాబు నాకు వద్దు. దాని కోసం నేను ఎట్లా కాచుకుంటానో నీకు తెలుసు, అయినా వద్దు. ఆ కాగితం మౌలాలికి రాయి. వాడు విమానం ఎక్కకముందే అందేటట్టు రాయి.

ఈ మంగళవారం కాదు, ఆపై మంగళవారం ములాఖాత్‌కు వస్తాను. నువ్వు జాలీ కాడికి రానని చెప్పి పంపితే ఏమనుకోను. సాయంత్రం బస్సు వరకూ గేటు బయట కూచొని పోతా.

ఇట్లు,
నువ్వు పిలిచినా పిలవకపోయినా
నీ అమ్మీ,
అఖ్తర్ బీ