తడిసిన ఎలుగుబంటి

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. "బాబుకి చదివి వినిపించాలి. నా ఎలుగుబంటి పుస్తకం పంపగలరా?" అంతే. పైన సంబోధన లేదు. మీ అమ్మను పెళ్ళి చేసుకుని నేను మీ ఇంట్లో కాలు పెట్టిన కొత్తలో, నా చేతుల వాసన చూసి నువ్వే 'జిగురు నాన్న' అని పేరు పెట్టావు. కాలేజీకి వెళ్ళాక 'జిగురు' ఊడింది. పోయినేడు అమ్మ పోయాక 'నాన్న' కూడా ఊడింది.

జిగురంటే గుర్తొచ్చింది. మా బైండింగు షాపులో బొద్దింకలన్నీ మహా చదువరులు. మైదా జిగురు కోసం నిఘంటువుల్ని కూడా వదలవు. నాకు చదువు అబ్బిందీ అలాగే, బడి మొహం చూడకుండా, కుట్టడానికొచ్చిన పుస్తకాలు అంచుల్నుంచి కొరికి. సరే, ఎక్కడున్నాను? ఎలుగుబంటి దగ్గర.

ఆ పుస్తకం నీ సొంత నాన్న పోయేముందు నీకు కొన్నది. నేనొచ్చేసరికి పేజీలన్నీ ఊడిపోయి ఉన్నాయి. నువ్వు నా ఒళ్ళో కూర్చుని తొందరపెడుతుంటే కుట్టాను. పేజీలకు నంబర్లు లేవు. పిల్ల ఎలుగు వానలో తప్పిపోవడం, తల్లి వెతకడం, చివరికి రెండూ గుహలో ముడుచుకుని పడుకోవడం, ఇదీ కథ. నా కుట్టులో పడుకునే బొమ్మ మధ్యలోకి పోయింది. ఆఖరి పేజీలో తల్లి ఒక్కటే వానలో తడుస్తూ మిగిలింది. నువ్వు ఏడవలేదు. "వెనక్కి తిప్పు" అన్నావు. అప్పట్నుంచి రోజూ చివరిదాకా చదవడం, వెనక్కి తిప్పి రెంటినీ పడుకోబెట్టడం, ఆ తరవాతే నీ నిద్ర.

ఈ ఏడాదిగా సాయంత్రాలు గదిలో దాన్ని నేనే పైకి చదువుకుంటున్నాను. పక్కవాటా టైలరమ్మ గోడ అవతల్నుంచి "ఎవరొచ్చారు బాబాయిగారూ?" అంది. "ఎలుగుబంటమ్మా" అన్నాను. "భోజనానికి ఉంటుందా?" అంది.

నిన్న పాత దారం తెంపి, పేజీలు వరసలో పెట్టి, సరిగ్గా కుట్టాను. మీ నాన్న కొన్న పుస్తకం ఆయన కొన్నట్టే నీకు చేరాలి. ఇందులో నాదంటూ ఉన్నది ఆ తప్పొక్కటే, అదీ తీసేశాను. ఇక నన్నేమని పిలవాలా అని నువ్వు ఇబ్బంది పడక్కర్లేదు.

పుస్తకాలు కుట్టే మనిషి

*

జిగురు నాన్నకి,

మిమ్మల్నెవరు సరిచెయ్యమన్నారు? నిన్న బాబుకి చదివాను. తల్లీ పిల్లా పడుకున్నాయి, కథ అయిపోయింది, వాడూ పడుకున్నాడు. నేను మాత్రం పుస్తకం పట్టుకుని అలాగే కూర్చున్నాను. వెనక్కి తిప్పడానికి ఏమీ లేదు.

దాన్ని కొన్న నాన్న నాకు గుర్తులేరు. నాకు గుర్తున్నది పళ్ళతో దారం తెంపే మీరే. అమ్మ పోయాక నాన్నా అని రాస్తే, "ఇంకా నేను నీకేమవుతానమ్మా" అంటారేమోనని భయమేసింది. అందుకే పైన ఖాళీ వదిలాను.

ఆ కుట్టు కత్తిరించేశాను. పేజీలన్నీ బల్లమీద పరిచి ఉన్నాయి. మీలా తప్పు కుట్టడం నాకు రాదు. పోస్టులో పంపను. సూదీ దారం తీసుకుని మీరే రండి.

చిట్టితల్లి

*

చిట్టితల్లీ,

రేపటి బస్సుకి బయల్దేరుతున్నాను. ఎలుగుబంటి ఊరెళ్తోందని టైలరమ్మకి చెప్పాను. మైదా తెప్పించి ఉంచు, జిగురు అక్కడే ఉడికిద్దాం. ఒక్క మాట. ఆ తప్పు సరిగ్గా రావాలంటే ఒళ్ళో ఎవరైనా కూర్చుని తొందరపెట్టాలి. నేనొచ్చేసరికి బాబుని నిద్రపుచ్చకు.

జిగురు నాన్న