ముందుకు పరిగెత్తిన పుట

సైదా,
రంజాన్‌కి మూడు వారాల ముందు

ప్రియమైన నా చిట్టితల్లి సౌసన్‌కి,

నాన్న ముద్దులు. నువ్వు ఫోన్లో మీ అమ్మతో గంటసేపు మాట్లాడి, నా వంతు వచ్చేసరికి "బాగున్నావా నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే నేను కాగితం మీద రాస్తున్నాను. మీ అమ్మ దీన్ని ఫోటో తీసి పంపుతుంది. చదవదులే, ఆవిడకి నా రాతలన్నా నా కథలన్నా ఆసక్తి లేదు.

విషయానికొస్తాను. నా కళ్ళు బాగా మసకబారాయి. శుక్లాల ఆపరేషన్ పండగయ్యాకే అన్నాడు డాక్టరు. పోయిన రంజాన్‌లో ఏమైందో నీకు చెప్పలేదు. మన సైదా కాఫీ కొట్టులో కుర్చీ ఎక్కి జనానికి కథ చదువుతూ రెండు వరసలు దాటేశాను. కథలో వీరుడు షిహాబ్ దూసిన కత్తి కాస్తా మళ్ళీ ఒరలో ఉంది! వాడి శత్రువు జల్మూద్ రాజు పక్షం కట్టిన బెంచీ వాళ్ళు విరగబడి నవ్వారు. షిహాబ్ పక్షం వాళ్ళు తల దించుకున్నారు. వాళ్ళ నాయకుడు, మన చేపల అబూ దీబ్, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మొన్న కొట్టు యజమాని హాజ్ మునీఫ్ టీ పోయించి, ఎప్పటిలాగే నన్ను నీ పేరుతో పిలిచి మరీ చెప్పాడు: "అబూ సౌసన్, నువ్వంటే నాకు ప్రాణం. కానీ ఈసారి కూడా తడబడ్డావనుకో, ఆ కుర్చీ తీసేసి అక్కడ పెద్ద టీవీ పెట్టేస్తా. సీరియళ్ళకి జనం బాగా వస్తారు."

అది మీ తాత కూర్చున్న కుర్చీ. కంఠతా వచ్చుగా అంటావేమో. తొమ్మిది సంపుటాలు ఎవడికి వస్తాయి? పద్యాలొచ్చు, మలుపులు తెలుసు. మాట మాత్రం పుస్తకంలోంచే రావాలి.

పోయిన వేసవిలో తాత రాతప్రతులన్నీ ఫోటోలు తీసుకెళ్ళావు కదా. ఏదో పలక గురించి కూడా చెప్పావు. అది నిజంగా అక్షరాల్ని పెద్దవి చేస్తుందా? నవ్వకు.

నీ నాన్న,
వజీహ్

*

కువైట్

ప్రియమైన నాన్నా,

నవ్వలేదు, గెంతాను! ప్రెస్సులో అందరూ నావైపు చూశారు. నువ్వు ఈ మాట అడుగుతావని ఏడాదిగా ఎదురుచూస్తున్నాను.

సాయంత్రం పని అవ్వగానే కొట్ల మీద పడ్డాను. ఒకడు టాబ్ అంటగట్టబోయాడు. దాని అద్దంలో కొట్టు దీపాలన్నీ కనిపిస్తున్నాయి, చదివే ముఖం కూడా. పైగా మన కరెంటుకి అది సగం కథలోనే ఆరిపోతుంది. రెండో కొట్లో ఈ-రీడర్ చూపించారు. తెర కాగితంలా ఉంది, కళ్ళకి హాయి. కానీ మన అరబ్బీ పేజీ తెరిస్తే అక్షరాలు ఒకదాన్నొకటి వదిలేసి విడివిడిగా నిలబడ్డాయి, అలిగిన తోడికోడళ్ళలా. "బాగానే ఉందిగా మేడమ్" అంటాడు! నేను అక్షరాలు కూర్చి బతికేదాన్నని వాడికేం తెలుసు.

మూడో కొట్లో దొరికింది నాన్నా! అక్షరాలు చక్కగా చేతులు కలిపాయి. వేలితో రెండుసార్లు నొక్కితే వేరుశనగ గింజంత అవుతాయి. లోపలే దీపం ఉంది, కరెంటు పోయినా చదవొచ్చు. ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. వైఫైలో ఉంటే నేను ఇక్కడ కూర్చుని పంపిన పుస్తకం నీ చేతిలోకి వచ్చి వాలుతుంది. మొదటి మూడు సంపుటాలు కూర్చేశాను, మిగతావి వరసగా పంపుతాను. నా ఉత్తరాలు కూడా అందులోకే వస్తాయి.

ఎడమవైపు నొక్కితే ముందుకి, కుడివైపు నొక్కితే వెనక్కి. మన అరబ్బీ పుస్తకం తిప్పినట్టే. పెద్దపెద్ద వేళ్ళతో పొడవకు, తాకితే చాలు.

ఇంట్లో ఎవరూ కథ ముందు తెలుసుకోకూడదన్న తాత కట్టడి నాకు గుర్తుంది. అక్షరాలు కూర్చాను గానీ కథ చదవలేదు. ఒట్టు. (సగం ఒట్టు.)

నీ కూతురు,
సౌసన్

*

సైదా,
రంజాన్ మొదటి వారం

ప్రియమైన సౌసన్‌కి,

నీ చేతులు చల్లగుండాలి తల్లీ! ఎక్కడ మొదలుపెట్టను?

నువ్వు పంపిన పలకకి తాత పుస్తకం పాత తోలు అట్ట కుట్టించాను. కథకుడి చేతిలో పుస్తకం కనబడకపోతే జనం నమ్మరు. మొదటి రోజు ఇఫ్తార్ అయ్యాక కుర్చీ ఎక్కి అట్ట తెరిచాను. హాజ్ మునీఫ్ మెడ చాచి చూస్తున్నాడు. పద్యం అందుకున్నాను. సరిగ్గా జల్మూద్ సైన్యం కొండ దిగుతున్నప్పుడు కరెంటు పోయింది!

కొట్టంతా చీకటి. నా ముఖం మీద మాత్రం వెలుగు. నేను ఆపలేదు సౌసన్! ఒక్క మాట తడబడలేదు! ఆ చీకట్లో గుర్రాల డెక్కలు అందరికీ వినబడ్డాయి. అయ్యాక అబూ దీబ్ వచ్చి చేపల వాసన వేసే చేతులతో నా బుగ్గలు పట్టుకుని రెండువైపులా ముద్దు పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పలకని మీ అమ్మ పగలంతా వంటింట్లో చార్జింగ్ పెడుతోంది. కరెంటు వచ్చిన కాసేపూ ఆ ఒక్క ప్లగ్గే నమ్మకం. వారానికోసారి చాలంటే వినదు. "నీ దీపం ఆరిపోతే నీ కుర్చీ పోతుంది" అంటుంది. పాపం, కథలంటే గిట్టకపోయినా నా మీద ఎంత శ్రద్ధో చూడు.

రేపు షిహాబ్‌ని చెరలో వేయిస్తున్నాను. మూడు రోజులు అక్కడే ఉంచుతాను. అబూ దీబ్‌కి నిద్ర ఉండదు.

సంతోషం పట్టలేని నీ నాన్న,
వజీహ్

*

సైదా,
రెండో వారం

సౌసన్,

ప్రియమైన అని రాయబోయి ఆగాను. ముందు జవాబు చెప్పు. నా పుస్తకంలో చెయ్యి పెట్టింది నువ్వేనా?

నిన్న కొట్టు కిటకిటలాడింది. షిహాబ్ చెరలో ఉన్నాడు. అబూ దీబ్ మనుషులు నల్లగుడ్డలు చుట్టుకుని మరీ వచ్చారు. నేను అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని పద్యం చదివి, కర్రతో బల్ల మీద కొట్టి, కళ్ళు తెరిచి, పలకలో కనబడిన మొదటి వాక్యాన్ని గొంతెత్తి చదివాను: "గొలుసులు తెగిన షిహాబ్ కోట బయట నిలబడి నవ్వాడు!"

ఇంకా చెరలో సరిగ్గా కూర్చోనేలేదు, బయట నిలబడి నవ్వుతున్నాడు!

జల్మూద్ పక్షం లేచింది. "మోసం! డబ్బు తిని విడిపించాడు!" అని అరుపులు. అబూ దీబ్‌కి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. "ఎలా వచ్చాడయ్యా బాబూ, ఎలా వచ్చాడు?" అని నా జుబ్బా పట్టుకున్నాడు. నేను పేజీలు వెతుక్కుంటూ చెమటలు కక్కాను. అంతా అయ్యాక హాజ్ మునీఫ్ నెమ్మదిగా అన్నాడు: "టీవీకి చెప్పేశా. రేపు, గురువారం వస్తుంది. అప్పటిదాకా నీ ఇష్టం."

నేను ఆపిన చోటు ఎలా మారింది? ఇంకో సంగతి. అక్షరాలు కూడా చిన్నవైపోయాయి. నేను వేరుశనగ గింజలంత పెట్టుకుంటే, నువ్వుగింజలంత అయ్యాయి. హాజ్ మునీఫే ఎవరిచేతనో చేయించాడేమో అని కూడా అనుమానంగా ఉంది. త్వరగా రాయి.

వజీహ్

*

కువైట్

ప్రియమైన నాన్నా,

నా మీద కోపం తర్వాత పడుదువు గానీ, ముందు ఇది చదువు.

నేను ముట్టుకోలేదు. ఇక్కడినుంచి పుస్తకం పంపగలను గానీ నీ పేజీ తిప్పలేను. ఆ పలకకి ఒకటే బుద్ధి: చివరిసారి ఎవరు ఎక్కడ ఆపితే అక్కడే తెరుచుకుంటుంది. నువ్వు ఆపింది చెరలో. ఇంకెవరో ఆపింది కోట బయట. అంటే నీ తర్వాత ఎవరో చదివారు నాన్నా, అదీ ఆబగా, చాలా దూరం చదివారు.

హాజ్ మునీఫ్‌ని అనుమానించకు. పలక కొట్లో ఉన్నంతసేపూ నీ చేతిలోనే ఉంటుంది. ఇంక మిగిలింది పగలు. పగలంతా అది ఎక్కడ ఉంటుందో నువ్వే రాశావు. అక్షరాలు నువ్వుగింజలంత చేసుకుని, కళ్ళజోడు లేకుండా చదవగలిగేవాళ్ళు, దీపం దగ్గర పెట్టకుండానే సూదిలో దారం ఎక్కించేవాళ్ళు మన ఇంట్లో ఎవరు?

ఈ ఉత్తరం కూడా ఆ పలకలోకే వస్తుంది కాబట్టి, నీకంటే ముందు తనే చదువుతుందేమో. అమ్మా, చదువుతుంటే నీకు కూడా ముద్దులు.

నాన్నా, కోప్పడకు. నా మాట విను, కోప్పడకు.

సౌసన్

*

సైదా,
శుక్రవారం

ప్రియాతిప్రియమైన నా సౌసన్‌కి,

నీ ఉత్తరం అందుకునే సరికే పట్టుకున్నాను. నిన్న మధ్యాహ్నం మసీదునుంచి తొందరగా వచ్చేశాను. వంటింట్లోంచి మాడు వాసన. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో మీ అమ్మ పప్పు మాడ్చడం నేను ఎరగను. వెళ్ళి చూస్తే గరిటె ఒక చేతిలో, పలక ఒక చేతిలో, నిలబడి చదువుతోంది. పెదాలు కదులుతున్నాయి. నేను గుమ్మంలో నిలబడ్డా తెలియలేదు.

"నజాహ్!" అన్నాను.

తల కూడా ఎత్తలేదు. "ఉండు, వాడు బావిలోంచి ఇంకా పైకి రాలేదు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా కుర్చీ పోతోందని, పరువు పోయిందని, ఈ ఇంటి కట్టడి తెలియదా అని అరిచాను. తెలుసు కదా, ఇంటి ఆడవాళ్ళకి కథ తెలిస్తే వీధిలో ఆడవాళ్ళు పళ్ళెం నిండా మామూల్ మిఠాయిలు పట్టుకొచ్చి కూపీ లాగేస్తారని తాత భయం. రాతప్రతులు పెట్టెలో ఉండేవి. తాళం చెవి మొదట ఆయన మెడలో, తర్వాత నా మెడలో.

మీ అమ్మ పొయ్యి కట్టేసింది. అప్పుడు చెప్పింది. గొంతు పెంచలేదు సౌసన్, పెంచి ఉంటే బాగుండేది.

"నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే మీ నాన్న చెప్పాడు, ఇక్కడ తర్వాతేమైందని అడగకూడదని. అడగలేదు. నువ్వు రోజూ కథ చెప్పొచ్చి అలసిపోయి పడుకునేవాడివి. పొద్దున చేపలు కొనడానికి వెళ్తే అబూ దీబ్‌కి తెలుసు షిహాబ్ ఏ కోటలో ఉన్నాడో. కాయగూరల వాడికీ తెలుసు. నీ పెళ్ళానికి తెలీదు. నాకు కథలంటే గిట్టవని నువ్వే ఊరంతా చెప్పావు. ఔననుకుని ఊరుకున్నాను."

నా కథ వినడానికి కొట్టు నిండా జనం కావాలని మొక్కుకునేవాడిని. ఇంట్లో ఒకామె అన్నేళ్ళు ఎదురుచూస్తుంటే పెట్టెకి తాళం వేశాను. సిగ్గేసింది తల్లీ. చెప్పాను కూడా, సిగ్గేస్తోందని.

"సిగ్గు తర్వాత పడు. సాయంత్రం టీవీ వస్తోంది. ముందు ఇలా కూర్చో" అంది. "నిన్న వాళ్ళు ఎందుకు అరిచారు? షిహాబ్ బయటికొచ్చాడనా? కాదు. ఎలా వచ్చాడో నువ్వు చెప్పలేదని. మరి ఇప్పుడు కూడా చెప్పకు."

"అంటే?"

"చదివినదాన్ని చెబుతున్నా. బయట నిలబడి నవ్వాడు, సరే. ఎందుకు నవ్వాడు? గొలుసు ఎవరు తెంచారు? గుర్రం ఏమైంది? ఒక్కొక్కటీ వెనక్కి వెళ్ళి చెప్పు. రోజుకొకటి. ఈరోజు గొలుసు దగ్గర ఆపెయ్."

ఆ సాయంత్రం హాజ్ మునీఫ్ టీవీ తెచ్చి నా కుర్చీ పక్కనే నిలబెట్టాడు, ఇంకా అట్టపెట్టెలోనే. నేను కర్రతో బల్ల మీద కొట్టాను. "షిహాబ్ నవ్వాడు. కానీ ఆ నవ్వు ఎంత ఖరీదైనదో మీకు తెలియదు" అన్నాను. బెంచీలు రెండూ ముందుకి వంగాయి! జల్మూద్ పక్షం వాడు "వాడు నవ్వితే ఏడ్చింది మేమేలే, చెప్పు" అన్నాడు. గొలుసు మీద మొదటి దెబ్బ పడేచోట అట్ట మూసేశాను. అబూ దీబ్ లేచి నన్ను తిట్టిన తిట్లు కాగితం మీద రాయకూడనివి. నిన్ను కన్న సంతోషం తర్వాత నాకు అంతటి సంతోషం అవే. టీవీ పెట్టె మీద టీ గ్లాసులు పెట్టుకుని తాగి వెళ్ళారు. హాజ్ మునీఫ్ దాన్ని వెనక గదిలోకి తోయించాడు. పండగదాకా కుర్చీ కదలదన్నాడు.

పలకలో పేజీకి గుర్తు పెట్టడం మీ అమ్మే నేర్చుకుని నాకు నేర్పింది. నా గుర్తు వేరు, ఆవిడది వేరు. కొట్టుకి బయల్దేరే ముందు ఆవిడే నా పేజీ తీసి, అక్షరాలు పెద్దవి చేసి చేతిలో పెడతానంది. నాలుగో సంపుటం ఎప్పుడు పంపుతావని అడగమంది. నేనింకా మొదటిదాంట్లోనే ఉన్నాను!

ఈరోజు ధైర్యం చేసి ఒక మాట అడిగాను. "నజాహ్, తాత కట్టడీ వద్దు ఏమీ వద్దు. ఇవాళ నువ్వు కూడా కొట్టుకి రా. ముందు వరసలో, నా ఎదురుగా కూర్చో" అన్నాను. వస్తుందని, ఏడుస్తుందని కూడా అనుకున్నాను.

మీ అమ్మ పలకలోంచి తల ఎత్తకుండా అంది: "నేను రాను. అక్కడికొస్తే నువ్వు ఆపిన చోట ఆగాలి."

మీ ఇద్దరి చేతుల్లో చిక్కిన
నీ నాన్న, వజీహ్