బండి యజమాని ఊరిలో లేరని నేను చెప్పిన మాట

ఐనవిల్లి,
తేది 9-8-2024.

మోటారు వాహనాల రిజిస్ట్రేషను అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: నా భార్య పేరున ఉన్న 1951 నాటి బి.ఎస్.ఏ. మోటారు సైకిలు అమ్మకం – ఫైలులో నా వల్ల చేరిన అబద్ధాన్ని తొలగించుట గురించి.

1. పై బండి మా మామగారు, రాజోలు వాస్తవ్యులు కీ.శే. బంగారరాజు గారిది. వారి తదనంతరం నా భార్య సత్యప్రియ పేరుకు మారింది. పశువుల పాకలో పడి ఉన్నదానిని మేమిద్దరం నాలుగేళ్ళు బాగు చేశాం. ఇంజను పని నాది. కిరసనాయిలులో ముంచిన కొబ్బరి పీచుతో తుప్పు వదిలించే పని ఆమెది.

2. అమ్మాలన్నది ఆమె నిర్ణయం. ఆసుపత్రిలో నాతో, "నేను పోయేకా మీరు దీన్ని తుడుచుకుంటా కూచుంటారండీ. నడిపేవోళ్ళకి ఇచ్చెయ్యండి" అన్నది. అది ఫిబ్రవరి 9. పదకొండున మరణించింది.

3. అడిగినవారిలో చాలామంది హోటలు ముందు అలంకారానికి అడిగారు. కాట్రేనికోన రొయ్యల రైతు శ్యామ్ సుందర్ ఒక్కడే రోజూ చెరువుల మీదికి దీని మీదే వెళ్తానన్నాడు. పేరు మారనిదే తీసుకోడు. ఈ నెల 22 దాటితే రాజమండ్రిలో చూసిన మరో బండి కొనుక్కుంటాడు.

4. తమ కార్యాలయ గుమస్తా కాంతం గారు మొదటిసారి, "ఓనరు గారేరండీ?" అన్నారు. "ఊళ్ళో లేరండి" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. రెండోసారీ అదే చెప్పాను. మూడోసారి ఆమె, "బండి అమ్మేత్తున్నారని మేడం గారు అలిగి పుట్టింటికెళ్ళిపోయేరేంటండీ మాస్టారూ? ఆయ్, బతిమాలి తీసుకొచ్చెయ్యండి. ఒక్క సంతకమే కదండీ" అన్నారు. వరుసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. "అడుగుతానండి" అని చెప్పి వచ్చేశాను.

ఫైలు మీద "యజమాని ఊరిలో లేరు, వచ్చిన పిదప చూడవలెను" అని ఉన్నది. ఇందులో కాంతం గారి తప్పు ఏమీ లేదు. దయచేసి ఆమెను సంజాయిషీ అడగవద్దు.

5. కావున ఆ మాట కొట్టివేయించి, బండిని వారసునిగా నా పేరుకు, పిమ్మట శ్యామ్ సుందర్ పేరుకు 22వ తేదీలోగా మార్పించగోరుతున్నాను. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతపరిచాను. రెండవదానిలో నా పేరు ఒక్కటే ఉన్నది.

అబద్ధం చెప్పినందుకు తాము విధించే జరిమానాకు బద్ధుడను. ఉన్నది ఉన్నట్టు విన్నవించుకున్నాను, దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సుబ్రహ్మణ్యేశ్వరరావు

తా.క.: వారసత్వపు ఫారం పూర్తి చేశాను. "మృతుల పేరు" అన్న గడి మాత్రం ఖాళీగా ఉన్నది. మూడు రోజులుగా పెన్ను తీస్తున్నాను, మూత పెడుతున్నాను. బండి కాగితాల్లో ఆమె పేరు ఎలా ఉన్నదో అలాగే కాంతం గారి చేత రాయించండి. నేను ఎదురుగా నిలబడి సంతకం పెడతాను.