నా వాంగ్మూలం, ఒక ఆకుపచ్చ పొట్లం

వాణిజ్య పోటీ పర్యవేక్షణాధికారి గారికి,
తైపే.

అయ్యా,

విషయం: గ్రాన్‌వెల్, టాల్‌బ్రూక్ చిప్ కంపెనీల వివాదంలో నేనిచ్చిన వాంగ్మూలాన్ని ఫైలులోనే ఉంచవలసిందిగా కోరుట.

1. నేను గ్వాంగ్‌హ్వా బజారులో కంప్యూటర్లు బిగించి అమ్ముకునేవాణ్ని. పెద్దదైన గ్రాన్‌వెల్ తాలూకు మనిషి మా దుకాణానికి వచ్చి నాతో అన్న మాట ఇది: "టాల్‌బ్రూక్ పెట్టెలు ఉంచుకోండి, మీ ఇష్టం. మా సరుకు మాత్రం అందరికీ ఇచ్చాక మిగిలితే చూద్దాం." ఆ తర్వాత నాకు ఏమీ మిగల్లేదు.

2. టాల్‌బ్రూక్ ప్రతినిధి దాయ్ కై-లున్ గారు ఆ మాటే అధికారి గారైన తమకు చెప్పమని నన్ను బతిమాలారు. నేను మాటకారిని కాను, వెనకాడాను. ఆయన మా యంత్రం మీద ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టి, "అన్నా, ఇది ఇక్కడ ఉన్నంతకాలం మేం మీ వెనకే" అన్నారు. యంత్రాలు మొరాయించకుండా తమ కార్యాలయంలోనూ ఆ ఆకుపచ్చ రంగు పొట్లమే పెడతారు గనుక దాని విలువ తమకు తెలియనిది కాదు. నేను నమ్మి వాంగ్మూలం ఇచ్చాను.

3. నేను చెప్పింది తమకు మాత్రమే. టాల్‌బ్రూక్ వారు నన్ను అడగకుండానే నా ఫొటోను 'భయపడని దుకాణం' అని మెట్రో స్టేషను గోడకెక్కించారు. గ్రాన్‌వెల్ వారు బదులుగా, నేను పాత చిప్పులను కొత్తవిగా అమ్ముతానని పత్రికలో వేయించారు. పక్క దుకాణం లియావ్ అక్క, "ఏం షుయ్-ము, ముఖం గోడకెక్కింది గానీ సరుకు అల్మారా ఎక్కలేదేం?" అంది.

4. పోయిన వారం రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. గోడ మీది నా ఫొటోపైన, రెండు కంపెనీలూ చేతులు కలుపుకున్న కొత్త ప్రకటన అతికించారు. నా ఎడమ చెవి మాత్రం ఇంకా కనిపిస్తోంది. దాయ్ గారు కాగితం తెచ్చారు.

"తప్పుగా విన్నానని సంతకం పెట్టన్నా."

"నేను సరిగ్గానే విన్నాను."

"విన్నావులే, ఎవరు కాదన్నారు? కాగితం మీద వినలేదను, చాలు."

"మరి ఆ పొట్లం?"

ఆయన అటు చూసి నవ్వారు. "అయ్యో, అది ఇంకా ఉంచావా!"

ఆయన వెళ్లాక పొట్లం దించి చూశాను. ఆ రోజు రంగు చూశానే గానీ వెనక తేదీ చూడలేదు. ఆయన పెట్టేనాటికే దాని గడువు దాటిపోయింది. గడువు దాటిన పొట్లం పెడితే యంత్రం మొరాయిస్తుందని తెలిసిన మా వీధిలో ఇలాంటి పొరపాటు ఎవరూ చేయరు.

నేను సరుకు అడగడం లేదు. ఎవరి ఫిర్యాదులు వారు వాపసు తీసుకునే హక్కు కంపెనీలకు ఉండవచ్చు. నా చెవితో విన్నది వారిది కాదు. నేను సంతకం పెట్టలేదు. నా పేరుతో అలాంటి కాగితం ఏది వచ్చినా చెల్లదని నమోదు చేసి, నా మాటను ఉన్నది ఉన్నట్టు నిలపమని ప్రార్థన. చిత్తగించవలెను.

తమ,
టూ షుయ్-ము

తా.క.: 'విధేయుడు' అని రాయబోయి ఆగాను. పొట్లం మీద అచ్చువేసిన పేరుకు అర్థం కూడా 'బుద్ధిగా ఉండు' అనే కదా. ఇద్దరి దగ్గరా బుద్ధిగానే ఉన్నాను. పొట్లం జతపరిచాను. దయచేసి తమ యంత్రాల మీద పెట్టకండి.